కాటా గదిలో, బిల్లింగ్‌లో కంప్యూటర్లు మాటిమాటికీ ఆగిపోతున్నాయి, ముందు ఏం చూడాలి?

మండపేట_లెక్కలు:
అందరికీ నమస్తే అండి. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. మా దగ్గర నాలుగు కంప్యూటర్లు, గేటు పక్కన కాటా గదిలో ఒకటి, బిల్లింగ్‌లో రెండు, షావుకారు గారి గదిలో ఒకటి. డేటా అంతా షావుకారు గారి దాంట్లోనే ఉంటుంది. దాళ్వా (రెండో పంట) ధాన్యం దిగడం మొదలైన దగ్గర్నుంచి మనశ్శాంతి లేదు. కాటా గదిలోది ఉన్నట్టుండి ఆరిపోయి దానంతట అదే మళ్లీ ఆన్ అవుతుంది, ఒక్కోసారి ఆన్ అయ్యాక బండి కాటా మీదే ఉన్నా స్క్రీన్ మీద తూకం రాదు. బిల్లింగ్‌లో రెండూ సర్వర్ దొరకడం లేదంటాయి, కాసేపటికి వాటంతట అవే బాగుపడతాయి. షావుకారు గారిది పొద్దున్నే ఆన్ చేస్తే ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంది, అలాంటి రోజు ఈ-వే బిల్లు సైటు తెరుచుకోదు.

మెకానిక్ వచ్చి విండోస్ మళ్లీ వేసి వెళ్లాడు, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మామూలే. ఇప్పుడేమో అన్నీ పాతబడ్డాయి, కొత్తవి కొనేయండి అంటున్నాడు. డబ్బు సంగతి తర్వాత. ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగిపోయి, పైన మబ్బు పట్టి, రైతులు బస్తాల మీద పట్టాలు కప్పుకుంటూ నా కిటికీ దగ్గరకొచ్చి "ఏమైందమ్మా" అంటుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాలకొల్లు_సర్వీస్:
మేడమ్, ముందు ఫార్మాట్ చేయించడం ఆపండి. మీరు చెప్పినవి వేర్వేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు.

తేదీ సంగతి చాలా చిన్నది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని అడిగితే వాచీలు బాగుచేసే షాపులో కూడా ఇస్తారు. అది 3 వోల్టులది, నీరసపడితే రాత్రి కరెంటు తీసేసినప్పుడు గడియారం వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ అని గడువు ఉంటుంది కదా, మీ కంప్యూటర్ తేదీ ఆ గడువులో లేకపోతే బ్రౌజర్ సైటు తెరవదు. సర్వర్‌గా వాడేది అదే కాబట్టి ఈ పని ఇవాళే చేయించండి, లేకపోతే బిల్లుల మీద కూడా తప్పు తేదీలు పడతాయి.

కాటా గది కంప్యూటర్లో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అన్నచోట కెర్నల్-పవర్ 41, అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆరిపోయిందనే నమోదు, ఉందేమో చూడండి. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే విండోస్ తప్పు చూపించే నీలం తెర రాకుండానే ఆరిపోయిందని అర్థం, అంటే ఎక్కువసార్లు కరెంటో, పవర్ సప్లైయో, లేదా మిషన్ పూర్తిగా బిగుసుకుపోవడమో. ఆ టైములు ఒక కాగితం మీద రాసి, పక్కనే ఆ సమయానికి మిల్లులో ఏం ఆన్ చేశారో రాయండి. నన్నడిగితే ఏ మెకానిక్‌ని పిలిచినా ముందు ఆ కాగితమే చేతికివ్వాలి.

తణుకు_వైరింగ్:
పైన చెప్పిన కాగితం మాట అక్షరాలా నిజం. నేను మిల్లుల్లోనే వైరింగ్ పని చేస్తాను. ఎలివేటరో హల్లరో స్టార్ట్ చేసిన క్షణంలో మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అదే లైను మీద కాటా గది ఉంటే అక్కడ వోల్టేజ్ ఒక్కసారి కిందికి పడిపోతుంది. మంచి కంప్యూటర్ పవర్ సప్లై అయితే కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది, మామూలు యూపీఎస్ బ్యాటరీ మీదికి మారేది ఆ లోపే. కానీ పవర్ సప్లై లోపల కెపాసిటర్లు (కరెంటు కాసేపు దాచుకునే చిన్న డబ్బాలు) ఎండిపోతే అంతసేపు ఆగలేదు, యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆరిపోతుంది. మూత తీసినప్పుడు మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉందేమో కూడా చూడమనండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవర్నీ విప్పనివ్వకండి, ప్లగ్ తీసేసినా లోపల షాక్ కొట్టేంత వోల్టేజ్ నిలిచి ఉంటుంది, మార్చేయడమే.

ఇంకో మాట, ఎర్తింగ్. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లొస్తాయి కాబట్టి ఎర్త్ బాగానే ఉంటుందిలే అనుకుంటారు. నేల తడిగానే ఉంటుంది, కానీ రాడ్డుకి వైరు బిగించిన క్లాంపు తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ కొలిపించండి, మోటార్లు తిరుగుతుండగానే కొలవాలి. రెండు మూడు వోల్టులు దాటితే వెంటనే సరిచేయించాలి. మీరు సొంతంగా ముట్టుకోవద్దు తల్లీ.

లేజర్ ప్రింటర్ యూపీఎస్‌కి పెట్టి ఉంటే ముందు అది పీకేయండి. వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

మండపేట_లెక్కలు:
చాలా థ్యాంక్సండి. బ్యాటరీ మార్పించాను, తేదీ నిలబడింది. కాటా గదిలో చూస్తే 41లు వరసగా ఉన్నాయి, కోడ్ 0. టైములు రాసి మిల్లు మేస్త్రి గారితో సరిచూస్తే చాలావరకూ ఎలివేటర్ ఆన్ చేసిన వేళకే కలిశాయి! ప్రింటర్ కూడా యూపీఎస్ మీదే ఉంది, తీయించేశాను. బిల్లింగ్ సంగతి మాత్రం అంతుపట్టలేదు. వాటి నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే పెట్టె, అదే స్విచ్, బీరువా మీద ఉంది, దాని మీద తవుడు దుమ్ము వేలితో గీస్తే గీత పడేంత మందాన ఉంది. కాటా గది వైరు గోడౌన్ చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది.

కాకినాడ_మురళి77:
ఇంత తంటా ఎందుకండీ, కొత్తవి నాలుగు తీసుకుంటే పోలా? విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

అమలాపురం_నెట్‌వర్క్:
మురళి గారూ, మార్చాల్సిన రోజు వస్తుంది, కాదనను. కానీ ఆ లైను మీదే, ఆ ఎర్త్‌తోనే కొత్తవి పెడితే అవీ అలాగే పాడవుతాయి, సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్పిడి తలనొప్పి అదనం.

మేడమ్, బిల్లింగ్ రెండూ కలిసి పోతున్నాయంటే తప్పు వాటిది కాదు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదానిది, అంటే స్విచ్చో, దాని అడాప్టరో, సర్వరో. ఈసారి పోయినప్పుడు స్విచ్ మీద లైట్లు చూడండి. అన్నీ ఒకేసారి ఆరి వెలిగితే అడాప్టర్ అనుకోవచ్చు. లైట్లు బాగానే ఉండి సర్వర్ అందడం లేదంటే, ఎవరైనా పాత వైఫై రౌటర్ తెచ్చి అదే స్విచ్‌కి తగిలించారేమో చూడండి, సర్వర్‌కీ దానికీ ఒకే ఐపీ (నెట్‌వర్క్‌లో చిరునామా నంబరు) పడితే ఇలాగే వస్తూ పోతూ ఉంటుంది. స్విచ్‌ని దుమ్ము దులిపి, గాలి ఆడేచోట గోడకు బిగించండి.

కాటా గది వైరు పొడవు కొలిపించండి. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకే. గోడౌన్ చుట్టూ తిరిగిందంటే దాటే ఉంటుందని నా అనుమానం, పైగా మోటారు కేబుళ్ల పక్కనే లాగి ఉంటారు. అక్కడికి ఫైబర్ వేసి రెండు చివర్లా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ వైరుతో కలిపే డబ్బా) పెట్టించండి. గాజు తీగ కాబట్టి పిడుగులప్పుడు గేటు నుంచి ఆఫీసు దాకా కరెంటు ఆ దారిలో పాకి రాదు. ఏప్రిల్, మే గాలివానలకి మా కోనసీమలో పోయే నెట్‌వర్క్ పోర్టుల్లో చాలా భాగం ఇలా బయట లాగిన రాగి వైర్ల వల్లే.

తూకం రాకపోవడం వేరే సంగతి. కాటా ఇండికేటర్ (తూకం అంకెలు చూపించే పెట్టె) నుంచి వచ్చే వైరు యూఎస్‌బీ కన్వర్టర్‌తో పెట్టారా? వేరే రంధ్రంలో గుచ్చితే కామ్ పోర్ట్ నంబరు (ఆ వైరుకి విండోస్ ఇచ్చే నంబరు) మారిపోతుంది, సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పాత నంబరే ఇచ్చి, ఆ రంధ్రం మీద స్టిక్కర్ అంటించండి. యూఎస్‌బీకి కరెంటు ఆదా చేసే సెట్టింగ్ ఉంటుంది, అదీ ఆపేయండి.

రావులపాలెం_కాటా:
అమ్మా, ఇవన్నీ అయ్యేదాకా బండ్లు ఆపకండి. కంప్యూటర్ ఆరిపోయినా ఇండికేటర్ మీద తూకం కనిపిస్తూనే ఉంటుంది కదా. వరస నంబర్లు వేసిన చీటీల పుస్తకం ఒకటి కాటా గదిలో ఉంచండి, కార్బన్ పెట్టి బండి నంబరు, నిండు తూకం, టైము రాసి రైతు చేత సంతకం పెట్టించుకోండి, ఒక కాపీ ఆయనకే ఇవ్వండి. ఖాళీ బండి తిరిగొచ్చాక అదే నంబరు మీద ఖాళీ తూకం రాయాలి. సాయంత్రం అవన్నీ ఎక్కించేటప్పుడు చీటీ నంబరు కూడా కొట్టండి, రేపు ఏ బస్తా దగ్గర తేడా వచ్చినా రైతు ముందు చూపించడానికి ఉంటుంది.

మండపేట_లెక్కలు:
పుస్తకం ఇవాళే తెప్పిస్తానండి. యూఎస్‌బీ కన్వర్టరే, తుడిచినప్పుడల్లా పీకి వేరేచోట పెడుతున్నారని ఇప్పుడు తెలిసింది, స్టిక్కర్ అంటించేశాను. ఫైబర్‌కి, ఎర్త్ పనికి షావుకారు గారు సరే అన్నారు. తణుకు గారూ, ఎర్త్ కొలిచేటప్పుడు మోటార్లన్నీ తిరగాలా, ఎలివేటర్ ఒక్కటి చాలా?

తణుకు_వైరింగ్:
అన్నీ తిరగనివ్వండి, ఆ తర్వాత ఎలివేటర్ ఒక్కటి ఆపి మళ్లీ ఆన్ చేయించి, ఆ క్షణంలో మీటర్ ఎంత చూపించిందో రాసుకోమనండి. కాటా గది ప్లగ్ దగ్గరే కొలవాలి, మెయిన్ బోర్డు దగ్గర కాదు.