కంపెనీల పర్యావరణ లక్ష్యం: లెక్క కంపెనీదా, ఊరిదా?

విజయనగరం సభ్యుడు:
2050 నాటికి ఉద్గారాలను నెట్ జీరోకు, అంటే విడిచినదానికీ గాలి నుంచి తీసివేసినదానికీ లెక్క సరిపోయి నికరంగా సున్నా అయ్యేలా తెస్తామని ప్రకటించే కంపెనీల మాటకు విలువ ఇవ్వవచ్చా? మాట ఇచ్చిన యాజమాన్యం ఆనాటికి ఆ కుర్చీల్లో ఉండదు కనుక ఇవ్వకూడదని నా అభిప్రాయం.

శ్రీకాకుళం సభ్యురాలు:
మీ అనుమానం న్యాయమైనదే గాని, గడువు దూరమైనంత మాత్రాన లక్ష్యం వట్టిదైపోదండి. కంపెనీల ఉద్గార లక్ష్యాలను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ 2021లో తెచ్చిన ప్రమాణం ప్రకారం అయిదు నుంచి పదేళ్లలో చేరవలసిన దగ్గరి లక్ష్యం కూడా ఉండాలి. చాలా రంగాల్లో ఉద్గారాలను కనీసం 90 శాతం తగ్గించాకే, మిగిలినదానికి సరిపడా కర్బనాన్ని గాలి నుంచి తీసివేసే మార్గం పట్టాలి. మొక్కలు నాటి చేతులు దులుపుకుంటే చాలదు. ఏది లెక్కలోకి వచ్చిందో కూడా అడగాలి. ఉద్గారాల లెక్కను స్కోప్ అనే మూడు భాగాలుగా వేస్తారు. ఒక జనపనార మిల్లునే తీసుకుంటే, బాయిలరులో కాల్చే ఇంధనం స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, నార పండిన పొలం మొదలు గోనెసంచి పారేసే దాకా మిగిలినదంతా స్కోప్ 3. ఆ మూడోదాన్ని వదిలేస్తే అది సగం లెక్కే.

రణస్థలం సభ్యుడు:
మీరిద్దరూ కర్బనం దగ్గరే ఆగారు. నా బెంగ నీటి గురించి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ విడిచినా ఆకాశమంతా కలుస్తుంది కాబట్టి, ఒక రాష్ట్రంలో పెరిగినదాన్ని మరో రాష్ట్రంలో తగ్గించినా లెక్క సరిపోతుంది. నీరు అలా కాదు. పైడిభీమవరం వంటి పారిశ్రామికవాడలో నీరు తోడిన కంపెనీ ఏదైనా, బదులుగా రాయలసీమలో చెరువు తవ్వించి ‘వాటర్ న్యూట్రల్’ అయ్యామని రాసుకుంటే, కాగితం మీద కూడిక సరిగానే ఉంటుంది గాని ఇక్కడి బోరులోకి చుక్క రాదు, ఇక్కడి గెడ్డ పారదు. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో నమోదైన) కంపెనీలకు ఆ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసిన సుస్థిరత నివేదికలో నీటి వాడకం చెప్పవలసిందే, అయితే కంపెనీ మొత్తానికి కలిపి చెబితే చాలు. నీటి ఎద్దడి ప్రాంతాల్లోని ప్లాంట్ల వివరం ఐచ్ఛికమే. లిస్టు కాని కంపెనీలకు ఆ నిబంధన కూడా లేదు.

విజయనగరం సభ్యుడు:
కర్బనానికి కంపెనీ లెక్క, నీటికి ఊరి లెక్క ఉండాలని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఊరి లెక్కను ఎవరు రాయాలి? తన మీటరు చూసి కంపెనీయే రాసుకుంటే నేను నమ్మలేను.

రణస్థలం సభ్యుడు:
భూగర్భ జలశాఖ పీజోమీటర్ల (భూగర్భ నీటిమట్టం కొలిచే బావుల) కొలతలు ఉన్నాయి కదండీ. కంపెనీ విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రతిచోటా, ఆ కొలతల పక్కనే కంపెనీ తోడుకున్న నీటి పరిమాణాన్ని నెలనెలా తెలుగులో రాసి పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలనే షరతును అడగాలని మేము నిర్ణయించుకున్నాము.