సమస్య: «మూగవాడు పాడ ముగ్ధులైరి»

నిర్వాహకుడు (కడప): ఈ వారం ఆటవెలది. చివరి పాదం పైనిచ్చాను, ముందు మూడు పాదాలు మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి. పేరున్న పాట వెనక నిజంగా జరిగిన కథ కావాలి. విరుపుకు, అంటే మాటను విడగొట్టి అర్థం మార్చడానికి, అడ్డులేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొత్తు, తప్పితే మాత్రం ఊరుకోను.

గండికోట:
తాళ్ళపాక వీధి దంబుర మీటుచు
అన్నమయ్య పదము నందుకొనగ
ఊరు వాడ లెల్ల నుప్పొంగి చుట్టును
మూగ, వాడు పాడ ముగ్ధులైరి

మూగవాణ్ని తప్పించేశానన్నా. జనం మూగారు, వాడు పాడాడు.

కర్నూలు బురుజు: విరుపు భలే కుదిరింది. కానీ చదవగానే ఆ 'వాడు' అన్నమయ్యే అనిపించాడు. ఆయన్ని వాడంటే ఆయన ఊరు తాళ్ళపాక పక్కనున్న రాజంపేట వాళ్లు ఊరుకుంటారా?

నిర్వాహకుడు: రెండో పాదం 'పల్లె బాలు డొకడు పదము నెత్త' అంటే ఆ గొడవ ఉండదు. సరే, ఇందులో కథేదీ?

అనంత:
నాల్గు నూర్ల యేండ్లు నట్టింట మౌనియై
రాగిరేకు నిలిచె రాయి వోలె
రాళ్ళపల్లి వారు రాగమ్ము గూర్చగ
మూగవాడు పాడ ముగ్ధులైరి

అన్నమయ్య 1503లో పోయారు. పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని భాండాగారం నుంచి 1922లో గానీ వెలుగులోకి రాలేదు. పాట మీద రాగం పేరుంది, స్వరాలు లేవు. ఎలా పాడేవారో ఎవరికీ తెలీదు. మా అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు ఆ సాహిత్యాన్ని పరిష్కరించి, చాలా కీర్తనలకు తానే స్వరాలు కూర్చారు. అన్నమయ్య బాణీలని మనం మురిసిపోయేవి చాలావరకు నిన్న మొన్నటివే.

కర్నూలు బురుజు: 'నానాటి బతుకు' కూడానా? మా అవ్వ అది అనాదిగా ఉన్నట్టే పాడేది!

అనంత: రేవతి రాగంలో ఆ బాణీ సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారిది.

నిర్వాహకుడు: మొదట్లోనే 'మౌని' పడింది కాబట్టి రేకు మనిషైంది, చివరి 'వాడు' చక్కగా అతికాడు. మంచి పనితనం. అయితే నట్టిల్లు ఎవరిది? స్వామి పేరు లేకపోతే కథ తెలియనివాడికి పద్యం అందదు.

అనంత: ఇలా మారిస్తే?
వేంకటపతి గుడిని వెలికిరా కేండ్లుగా
రాగిరేకు మౌని రాయి వోలె

గండికోట: ఇప్పుడు గుడి వచ్చింది, 'నాల్గు నూర్ల యేండ్లు' పోయింది. నాకు ఒళ్లు జలదరించింది ఆ మాట దగ్గరే. మొదటిదే ఉంచన్నా.

నిర్వాహకుడు: నా ఓటు రెండోదానికే. మిగతావాళ్లు చెప్పండి.