గోడ మీద వాలే ఈ బుల్లి మాత్‌లను సరిగ్గా చూడడం ఎలా?

కిటికీపక్క
ఇన్నాళ్లూ లైటు కింద వాలే చిన్న పురుగుల్ని దుమ్ముతో పాటు ఊడ్చేశాను. మొన్న అద్దం మీద ఒకటి కూర్చుంటే ఊరికే ఫోటో తీసి జూమ్ చేశా. బియ్యపు గింజంత కూడా లేదు, కానీ రెక్కల మీద బంగారు గీతలు, చివర నల్ల చుక్క, అంచున కుచ్చు! అప్పట్నుంచి రోజూ వెతుకుతున్నా. (చిమ్మట అంటే కొందరు కీచురాయి అనుకుంటారని మాత్ అనే రాస్తున్నా.) దగ్గరికి వెళ్తే ఎగిరిపోతుంది, ఫోటో మసగ్గా వస్తుంది. కెమెరా కొనాలా? ఇవన్నీ బట్టలు కొరికేవేనా? ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

రాత్రిడ్యూటీ
బట్టల సంగతి వదిలేయండి. సుమారు 1,60,000 జాతుల మాత్‌లలో ఉన్ని, పట్టు తినేవి చాలా కొద్ది, అదీ తినేది వాటి గొంగళిపురుగులే. రెక్కలొచ్చాక ఆ బట్టల మాత్ అసలు ఏమీ తినదు.

కెమెరా ఇప్పుడే వద్దు. ఫోన్ ఆనించేంత దగ్గరికి పోతే ఫోకస్ కుదరదు, కాస్త వెనక్కి జరిగి 2 రెట్లు జూమ్ పెట్టండి. ఫ్లాష్ ఆపేసి, టార్చి పక్కనుంచి వేయండి. మీరు చూసిన ఆ బంగారు మెరుపు రెక్కల్ని కప్పే సన్నటి పొలుసుల మీద వెలుగు పడే కోణాన్ని బట్టి వస్తుంది, ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లగా తేలిపోతుంది. వేలు మాత్రం తగలనివ్వకండి, పొలుసులు రాలిపోతాయి.

పొలుసు
ఒక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కొన్ని నిమిషాలు ఉంచితే కదలదు, నేను అలాగే చూస్తా.

రాత్రిడ్యూటీ
చాలామంది చేస్తారు, కాదనను. నాకైతే మనసొప్పదు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అవే బద్ధకంగా కూర్చుంటాయి, అప్పుడు చూస్తే సరిపోదా? వెన్నెల లేని, గాలి లేని, ఉక్కపోత రాత్రి తెల్లదుప్పటి కట్టి లైటు వేస్తే ఇంకా ఎక్కువ వస్తాయి. చూడడం అయ్యాక లైటు ఆపేయండి. అవి వెలుగును ప్రేమించి రావట, వెలుగు వైపు వీపు తిప్పి ఎగరడం వాటి అలవాటు, అందుకే దీపం చుట్టూ చిక్కుకుపోతున్నాయని 2024లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అలా వదిలేస్తే పొద్దున్నే బల్లులకి విందు.

ఆకుచాటు
రాత్రి లైటు దగ్గర చూసేది సగం కథే. పగలు ఆకుల మీద తెల్లగా వంకర గీతలు చూశారా? కొన్ని మాత్‌ల పిల్లలు ఆకు పై పొరకీ కింది పొరకీ మధ్య తొలుచుకుంటూ అక్కడే పెరుగుతాయి. గీత మొదట్లో సన్నగా ఉండి పోనుపోను వెడల్పవుతుంది, అంటే పురుగు ఎటు పోయిందో, ఎంత పెరిగిందో ఆకు మీదే రాసి ఉన్నట్టు. అన్నీ మాత్‌లవి కావు, ఈగ జాతివీ ఉంటాయి. లోపలి పురుగు వేసిన రెట్ట ఆ గీతకి మధ్యలో ఒకే నల్లదారంలా ఉంటే చాలావరకు మాత్, అంచుల వెంట రెండు వరసలుగా ఉంటే ఈగ అని నేను చూసుకుంటా. ఆకుని వెలుగుకి అడ్డంగా పట్టుకోండి, తెంపక్కర్లేదు.

కిటికీపక్క
ఇప్పుడే కుండీలో మొక్క చూసొచ్చా, నాలుగాకుల మీద గీతలున్నాయి! మూడు ఖాళీ. నాలుగోదాంట్లో నల్లదారం మధ్యలోనే ఉంది, కొసన పచ్చగా ఏదో కదిలింది. ఇంట్లోవాళ్లు ఆ ఆకులు కత్తిరించేద్దామన్నారు, వారం ఆగమన్నా.