అప్‌డేట్: పాపను ప్రభుత్వ బడిలోనే చేర్పించాం
మా చిన్న ఊరి ప్రభుత్వ బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఉత్తీర్ణత శాతం కూడా ఒక్కసారిగా పడిపోయింది, పాపను చేర్పించాలా వద్దా అని అడిగాను కదా. చేర్పించాం. మీలో ఒకరు చెప్పినట్టు ఐదేళ్ల అంకెలు అడిగి చూశాను, తరగతిలో ఉన్నదే 12 మంది అయితే ఒక్కరు తప్పినా 8 శాతం పోతుంది, దాన్ని పట్టుకుని టీచర్లను తప్పుపట్టడం అన్యాయం. తరగతిలో కాసేపు కూర్చున్నాను. తడబడుతూ చదువుతున్న పిల్లాడి పక్కన టీచర్ కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపిస్తూ, వాడు వాక్యం పూర్తి చేసేదాకా ఆగారు. నా టెన్షన్ సగం అక్కడే పోయింది. మిగతా సగం పిల్లల సంఖ్య గురించే, ఇంకా తగ్గితే టీచర్లనూ తగ్గిస్తారు, ఒక్కరే రెండు మూడు తరగతులు చూడాలి, అది చూసి ఇంకొందరు మాన్పిస్తారు. అందుకే తెలిసిన తల్లిదండ్రులందరితో మాట్లాడుతున్నాను.