కాలర్ బోన్ ఆపరేషన్‌కి పూర్తి మత్తా, మెడ దగ్గర ఇంజెక్షనా? ఊపిరితిత్తులు బాగాలేని మామయ్య గురించి

ప్రశ్న (మేనకోడలు, నల్గొండ జిల్లా)

నమస్తే అండి. మా మామయ్యకి 58 ఏళ్లు. పోయిన వారం బైక్ మీద నుంచి పడితే ఎడమ కాలర్ బోన్ విరిగింది. విరిగిన ముక్కలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కాయి, ప్లేటు వేయాలి అన్నారు ఎముకల డాక్టరు. మామయ్య చాలా ఏళ్లుగా బీడీలు తాగుతారు. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది, ఇన్‌హేలర్ వాడుతున్నారు. షుగర్ కూడా ఉంది. పూర్తి మత్తు ఇస్తే మళ్లీ లేవనేమోనని ఆయన భయం. మా ఊళ్లో ఒకాయనకి మోచేతి ఆపరేషన్ మెడ దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి, మెలకువగా ఉండగానే చేశారు. "నాకూ అదే ఇమ్మను, లేకపోతే రాను" అని కూర్చున్నారు. ఊపిరితిత్తులు బాగాలేనివాళ్లకి పూర్తి మత్తు కంటే అదే మంచిదని మేమూ అనుకుంటున్నాం. గురువారం పీఏసీ, అంటే ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు చేసే పరీక్ష ఉంది. అక్కడ ఏం అడగాలో చెప్పగలరా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు (మత్తు డాక్టరు, గుంటూరు)

అమ్మా, మీ మామయ్య విషయంలో ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఊపిరితిత్తులు బాగాలేవు కాబట్టి మెడ దగ్గర ఇంజెక్షనే మేలు అనుకోవడం చాలా ఆపరేషన్లలో సబబే. కానీ కాలర్ బోన్ దగ్గర అదే ఇంజెక్షన్ ఊపిరికి అడ్డం రావచ్చు. ఎందుకో చెప్తాను.

చేతికి వెళ్లే నరాలన్నీ మెడ పక్కన ఒక గుంపుగా దిగుతాయి. దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటాం. మెడలో స్కేలీన్ అనే రెండు కండరాల మధ్య ఈ గుంపు చుట్టూ మొద్దుబార్చే మందు ఇస్తే దాన్ని ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ అంటారు. భుజం ఆపరేషన్లకి ఇది చాలా బాగా పనిచేస్తుంది. అయితే డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరి పీల్చడానికి ముఖ్యమైన కండరాన్ని నడిపే ఫ్రెనిక్ నరం కూడా అక్కడే, ముందున్న స్కేలీన్ కండరం మీదుగానే కిందికి పోతుంది. మామూలుగా వాడే మోతాదులో, అంటే 20 మి.లీ. లేదా అంతకు పైన ఇచ్చినప్పుడు, దాదాపు అందరిలోనూ ఆ వైపు డయాఫ్రమ్ కొన్ని గంటలు పడిపోతుంది. ఊపిరి సామర్థ్యం పావు వంతు దాకా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. సీఓపీడీ బాగా ముదిరినవాళ్లు ఆ పావు వంతు పోతే తట్టుకోలేరు.

రెండో సంగతి. మోచేతికీ కాలర్ బోన్‌కీ నరాల లెక్క ఒకటి కాదు. కాలర్ బోన్ మీది చర్మానికి స్పర్శ మెడ పైభాగం నుంచి, సీ3, సీ4 నరాల నుంచి వస్తుంది. ఎముకకి మాత్రం పై నుంచీ, చేతి నరాల గుంపు నుంచీ రెండు వైపులా కొమ్మలు వస్తాయి. ఏ కొమ్మ ఎంత భాగం చూసుకుంటుందన్న దానిమీద పుస్తకాల్లోనే ఏకాభిప్రాయం లేదు. అందుకే మెలకువగా ఉంచి చేయాలంటే ఒక్క ఇంజెక్షన్ సరిపోదు. ఇంటర్‌స్కేలీన్‌తో పాటు మెడ పక్కన చర్మం కింద, పైపైన ఇచ్చే సర్వైకల్ ప్లెక్సస్ బ్లాక్ కూడా కలపాలి. మీ ఊరాయన మోచేతితో దీన్ని పోల్చలేం.

ఫ్రెనిక్ నరాన్ని ముట్టకుండా చేసే దారులూ ఉన్నాయి. 2017లో క్లావీపెక్టోరల్ ప్లేన్ బ్లాక్ అని ఒకటి వెలుగులోకి వచ్చింది. కాలర్ బోన్ చుట్టూ ఉండే పొరలోనే, స్కానింగులో చూస్తూ మందు వదులుతారు. ఊపిరికి ఇబ్బంది ఉండదు, చేతి బలం పోదు. దాన్ని పైపైన ఇచ్చే సర్వైకల్ బ్లాక్‌తో కలిపి మెలకువలోనే ఆపరేషన్లు చేసినవాళ్లు ఉన్నారు. కానీ అన్ని ఆసుపత్రుల్లో దీని అలవాటు లేదు. విరిగిన చోటు మధ్యలో ఉందా, భుజం చివర ఉందా అన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది.

ఇక మెలకువగా ఉండటం గురించి. సీఓపీడీ ఉన్నాయనకి దగ్గు వస్తుంది. ముఖం మీదుగా గుడ్డలు కప్పి ఉంటాయి, గంటా గంటన్నర కదలకుండా పడుకోవాలి, చెవి పక్కనే డ్రిల్ చప్పుడు. కాలర్ బోన్ వెనకే పెద్ద రక్తనాళాలు, ఆ వెనక ఊపిరితిత్తి కొన. సరిగ్గా డ్రిల్ లోపల ఉన్నప్పుడు మనిషి గట్టిగా దగ్గితే ఏమవుతుందో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. మధ్యలో ఓర్చుకోలేనంటే అప్పటికప్పుడు పూర్తి మత్తు ఇచ్చి ఊపిరి గొట్టం వేయాలి. తల దగ్గరే ఆపరేషన్ జరుగుతుంటే అది తేలిక కాదు.

నేనైతే ఇలాంటి మనిషికి పూర్తి మత్తు ఇచ్చి, దానితో పాటు ఊపిరికి అడ్డం రాని బ్లాక్ ఒకటి కలుపుతాను. అప్పుడు ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందులు తక్కువతో సరిపోతాయి. మెలకువ త్వరగా వస్తుంది, నొప్పి లేకపోవడంతో లోతుగా ఊపిరి తీసుకుని దగ్గగలుగుతారు. అయితే ఇది చూడకుండా చెప్పే మాట. ఆయన్ని పరీక్ష చేసిన డాక్టరు మాటే చివరి మాట.

పీఏసీలో ఇవి అడగండి. బ్లాక్ ఇస్తున్నారా, ఇస్తే ఏది, డయాఫ్రమ్ మీద ప్రభావం ఉంటుందా? స్కానింగు చూస్తూ ఇస్తారా? ఆపరేషన్ ముందు ఊపిరితిత్తులు మెరుగుపరచడానికి కొన్ని రోజులు కావాలా? ఎముక ముక్క చర్మాన్ని పొడుచుకుని ఉండటం, చేతికి రక్తం అందకపోవడం లాంటివి లేకపోతే ఇది ఈ రాత్రికే చేయాల్సిన ఆపరేషన్ కాదు.

జవాబు (ఇదే ఆపరేషన్ చేయించుకున్నాను, విజయవాడ)

అక్కా, నాకు పూర్తి మత్తు, ఇంటర్‌స్కేలీన్ రెండూ కలిపి ఇచ్చారు. నాకు ఊపిరితిత్తుల సమస్య లేదు. లేచేసరికి నొప్పి అసలు లేదు. కానీ ఆ వైపు కనురెప్ప వాలిపోయి ఉంది, గొంతు బొంగురుపోయింది. పక్షవాతం వచ్చిందేమోనని మా ఆవిడ ఏడ్చేసింది. ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. మందు ప్రభావం తగ్గగానే అన్నీ మామూలయ్యాయి.

చెయ్యి మర్నాటి వరకు నాది కాదన్నట్టే ఉంది. అసలు నొప్పి అర్ధరాత్రి తిమ్మిరి వదిలాక ఒక్కసారిగా విరుచుకుపడింది. కాబట్టి తిమ్మిరి వదలక ముందే, డాక్టరు చెప్పిన టైముకి, నొప్పి లేకపోయినా మాత్ర వేయించండి. చెయ్యి స్లింగ్‌లోనే ఉంచండి. మొద్దుబారిన చేతి దగ్గర వేడి గ్లాసు, వేడి నీళ్ల సంచి పెట్టొద్దు. కాలినా తెలియదు.

జవాబు (తిరుపతి)

ప్లేటు దాకా ఎందుకండీ, మాకు దగ్గర్లోనే పుత్తూరు కట్టు ఉంది కదా. కాలర్ బోన్ మామూలుగా అతుక్కుంటుంది అంటారు.

మత్తు డాక్టరు, గుంటూరు

మీరన్న దాంట్లో నిజం ఉంది. కాలర్ బోన్ విరుగుళ్లలో చాలావాటికి స్లింగ్ చాలు, ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ముక్కలు బాగా జారి ఒకదాని మీదకి ఒకటి ఎక్కినప్పుడు సరిగా అతకకపోయే అవకాశం పెరుగుతుంది. ఆ లెక్క ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరుతోనే తేల్చుకోవాలి. ఊపిరితిత్తులు బాగాలేవు కాబట్టి ఆపరేషన్ అవసరమేనా అని ఆయన్ని ఇంకోసారి అడగడంలో తప్పు లేదు. చేతికి రక్తం, నరాలు బాగున్నాయో లేదో చూడకుండా ఎక్కడా గట్టి కట్టు మాత్రం కట్టించొద్దు.

మేనకోడలు, నల్గొండ జిల్లా

డాక్టర్ గారూ, పీఏసీ అయింది. మీరు చెప్పినట్టే అడిగాం. ఇంటర్‌స్కేలీన్ వద్దు, పూర్తి మత్తుతో పాటు మెడ పైపైన బ్లాక్ ఇస్తాం అన్నారు. బీడీ మానేసి, నెబ్యులైజర్ పెట్టుకుని వచ్చే వారం రమ్మన్నారు. ఆపరేషన్ అంతసేపూ మత్తు డాక్టరు తల పక్కనే ఉంటారని ఆవిడే స్వయంగా చెప్పాక మామయ్య ఒప్పుకున్నారు. ఎముకల డాక్టరు మాత్రం ఆపరేషన్ అవగానే వేళ్లు కదిలించి చూపించాలి అన్నారు, అదెందుకు? షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మూడు బంతుల పరికరం కూడా ఇచ్చారు, అది ఎంతసేపు ఊదించాలి?

మత్తు డాక్టరు, గుంటూరు

చాలా సంతోషం అమ్మా. వేళ్ల సంగతి: చేతి నరాల గుంపు ఆ ఎముక కిందుగానే పోతుంది. నరానికి ఏమైనా తగిలిందా లేదా అన్నది వేళ్లు కదిలిస్తే వెంటనే తెలుస్తుంది. చెయ్యంతా మొద్దుబారి ఉంటే మర్నాటి దాకా ఆగాలి. వాళ్లు ఎంచుకున్న బ్లాక్‌లో చెయ్యి కదులుతుంది. కోత కింద ఛాతీ మీద కొంత మేర స్పర్శ తగ్గితే కంగారు పడకండి. అక్కడి చిన్న చర్మపు నరాలు కోతలో దెబ్బతినడం మామూలే.

డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నారని మత్తు డాక్టరుకి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. సాధారణంగా ఆపరేషన్‌కి 3 రోజుల ముందే దాన్ని ఆపిస్తాం. ఆపకుండా పరగడుపున ఉంటే షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. బదులుగా ఏం వాడాలో, మెట్‌ఫార్మిన్ ఏం చేయాలో వాళ్లనే అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు. ఇన్‌హేలర్ మాత్రం ఆపరేషన్ రోజు పొద్దున కూడా వాడించి, వెంట తీసుకెళ్లండి. ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫిన్ అయినా 6 గంటల ముందే ముగించాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు, మీ ఆసుపత్రి వాళ్లు వేరే చెబితే అదే పాటించండి.

ఆ బంతుల పరికరం ఊదేది కాదమ్మా, పీల్చేది. చాలామంది ఊదేస్తుంటారు. గొట్టం నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా లోపలికి పీల్చి, బంతులు పైన ఉండగా రెండు మూడు సెకన్లు ఆగాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్ల చొప్పున చేయించండి, ఈ రోజు నుంచే.