బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్‌ని ‘గోడ’ అనవచ్చా?

పదశోధి: మెదడులో గడ్డకి రేడియేషన్ తీసుకునేవాళ్ల కరపత్రం దిద్దుతున్నాం. రక్తంలోనివి ఇష్టమొచ్చినట్టు మెదడులోకి పోకుండా ఆపే బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్‌కి ‘రక్త-మెదడు అవరోధం’ అని ఉంది, సంస్కృతమూ తెలుగూ కలిపిన వైరి సమాసం. ‘రక్తమస్తిష్కావరోధం’ అంటే వ్యాకరణం నిలబడుతుంది, చదివేవాడు పడిపోతాడు. ‘మెదడు అడ్డుగోడ’ ఎలా ఉంది? పక్కనే ‘రేడియేషన్ వల్ల గోడకు గండి పడుతుంది’ అనే వాక్యం కూడా ఉంది.

రేడియోనాడి: గోడ అనగానే మెదడు చుట్టూ ప్రహరీ ఉందనుకుంటారు. ఉన్నది మెదడులోని సన్నని రక్తనాళాల లోపలి పొర. కణానికీ కణానికీ మధ్య బిగుతైన అతుకులు, వెలుపల నాళాన్ని చుట్టుకునే పెరిసైట్ కణాలు, ఆస్ట్రోసైట్లనే మెదడు కణాల పాదాలు. సుమారు 400–500 డాల్టన్లలోపు (డాల్టన్ అంటే అణువుల బరువుకి కొలత) బరువుండి కొవ్వులో కరిగే అణువులే తేలిగ్గా దాటతాయి. దాటబోయిన మందుల్లో చాలావాటిని పి-గ్లైకోప్రొటీన్ పంపులు మళ్లీ రక్తంలోకి తోడిపోస్తాయి. ఏ గోడా ఈ పని చెయ్యదు.

గండి అసలే వద్దు. అది చెరువుకట్ట ఒక్కచోట తెగడం. ఇక్కడ అతుకులు సడలతాయి. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చేది 60 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత): రోజుకు 2 చొప్పున 30 విడతలు, వారానికి ఐదు రోజులు. ఆ దెబ్బకి నాళం లోపలి కణాలు కొన్ని చస్తాయి. వీఈజీఎఫ్ అనే, నాళాలను పెంచే ప్రొటీన్ పెరిగి అతుకులు ఇంకా వదులవుతాయి. నీరూ ప్రొటీన్లూ మెదడులోకి ఊరతాయి.

ఇమ్యూనో: దానికి తోడు టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి వాపు సంకేతాలు. నాళం లోపలి వైపున ఐక్యామ్-1 అనే కొక్కేలు ఎక్కువగా మొలుస్తాయి, తెల్లకణాలు వాటిని పట్టుకుని లోపలికి దూరతాయి. దీన్ని ‘రోగనిరోధక శక్తి పెరిగి’ అని రాస్తే మంచిదేగా అనుకుంటారు. ‘రక్షణ కణాలు రేగి’ అనండి.

అచ్చుతప్పు: మరి ‘పొర తెరుచుకుంటుంది’?

రేడియోనాడి: తలుపు తెరిస్తే ఏ మందైనా నేరుగా పోతుందనుకుంటారు. గడ్డ నడుమ ఊట ఎక్కువ. అంచుల్లో, కణాలు మెదడులోకి చొచ్చుకుపోయిన చోట, పొర చాలావరకు బిగుతుగానే ఉంటుంది. ఈ గడ్డకి ఇచ్చే కీమో మందు టెమోజోలమైడ్ దాటగలిగేది 194 డాల్టన్ల చిన్న అణువు కాబట్టే.

నాలుగో పేజీలో ఇంకా పెద్ద తప్పుంది. ‘కాంట్రాస్ట్ పట్టింది’ అంటే గడ్డ పెరిగినట్టే అని రాశారు. ఎమ్మారైలో కాంట్రాస్ట్‌గా రక్తంలోకి ఎక్కించే గాడోలినియం మందు ఊరిన చోటల్లా తెల్లగా కనిపిస్తుంది. రేడియేషన్ ముగిశాక మొదటి మూడు నెలల్లో, గడ్డ పెరగకపోయినా, ఊట వల్లే తెల్లమచ్చ పెద్దదవచ్చు. సూడోప్రోగ్రెషన్ అదే. దాన్ని ‘మిథ్యా పురోగతి’ అన్నవారికి దండం! పురోగతి అంటే రోగి కోలుకుంటున్నాడనేగా ఎవరికైనా తోచేది? ‘ఉత్తుత్తి పెరుగుదల’ చాలు. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇస్తే అతుకులు బిగిసి మచ్చ చిన్నదవుతుంది. అప్పుడు ‘గడ్డ కరిగింది’ అనీ రాయకూడదు. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని మాత్రం తప్పక రాయండి.

పదశోధి: ‘కాపుపొర’ అందామా?

అచ్చుతప్పు: కాపు అంటే ఈ గుంపులో వేరే చర్చ మొదలవుతుంది. ‘కావలిపొర’ అనండి, మహా అయితే నెల్లూరువాళ్లు నవ్వుతారు.

పదశోధి: అయితే వాక్యం ఇదీ: ‘రేడియేషన్ వల్ల మెదడు రక్తనాళాల కావలిపొర అతుకులు సడలి, నీరు ఊరి, వాపు రావచ్చు.’

ఇమ్యూనో: దాని కిందే ‘తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మగతగా ఉన్నా ఆ రోజే ఫోన్ చెయ్యండి’ అని, నంబరు పెద్ద అక్షరాల్లో వెయ్యండి.