గ్లుక్ ఆపెరాలో యూరిడీస్ చివరికి బతకడం సబబేనా?

పాతరేడియో: సంగీతకర్త గ్లుక్ 1774లో పారిస్ కోసం తిరగరాసిన ఆపెరా (పాటలతో నడిచే నాటకం) ‘ఓర్ఫే ఎ యూరిడీస్’ మళ్లీ విన్నాను. రోమన్ కవులు వర్జిల్, ఓవిడ్ చెప్పిన కథలో గాయకుడు ఓర్ఫే చనిపోయిన భార్య యూరిడీస్‌ను తెచ్చుకోవడానికి పాతాళానికి వెళ్తాడు. దారిలో ఆమెను చూడకూడదని షరతు. వెనక్కి తిరిగి చూడగానే ఆమె శాశ్వతంగా పోతుంది. ఇక్కడేమో ప్రేమదేవుడు వచ్చి బతికించేస్తాడు, ఆపైన బోలెడు నాట్యాలు. అంత శోకం విన్నాక నాకిది మోసంలా ఉంది.

గోదారిగట్టు: 1762లో వియన్నాలో చక్రవర్తి ఫ్రాన్సిస్ నామదినోత్సవానికి (ఆయన పేరుగల సెయింట్ పండుగకు) కట్టింది కదండీ. పండుగ పూట శవంతో తెర దించుతారా?

పాతరేడియో: పారిస్‌లో ఆ పండుగ లేదుగా. మోలిన్ అనే రచయిత చేత ఫ్రెంచి మాటలు రాయించి, వియన్నాలో గ్వాదాన్యీ అనే గాయకుడు పాడిన ఓర్ఫే పాత్రను పారిస్ గాయకుడు లెగ్రో గొంతుకు మార్చి, కొత్త నాట్యాలు చేర్చాడు. ముగింపు మాత్రం ముట్టుకోలేదు.

స్వరపిచ్చి: అసలు తప్పు ఆమె మళ్లీ పోయాక ఓర్ఫే పాడే ‘నా యూరిడీస్‌ను పోగొట్టుకున్నాను’ పాటలోనే ఉంది. ఏడవాల్సిన చోట హుషారుగా వినిపించే మేజర్ స్కేలా? ‘దొరికింది’ అని పెట్టినా ట్యూన్ అతుకుతుందని సంగీత విమర్శకుడు హాన్స్‌లిక్ ఎప్పుడో పట్టుకున్నాడు.

గోదారిగట్టు: మా అమ్మ పోయిన రోజు నాన్నగారు ఏడవలేదు. ఆవిడ వంట చేస్తూ కూనిరాగం తీసే హుషారు పాటనే సాయంత్రం దాకా తీశారు. అది దుఃఖం కాదా?

స్వరపిచ్చి: స్కేల్ గురించి మాట్లాడుతుంటే ఇంటి సంగతులెందుకు?

చినుకు: భారతంలో రురుడు కూడా పాము కాటుకు పోయిన ప్రమద్వరను బతికించుకున్నాడు. యూరిడీస్‌దీ పాము కాటే.

పాతరేడియో: రురుడు సగం ఆయుష్షు ఇచ్చాడు. ఓర్ఫే ఏమిచ్చాడు?

గోదారిగట్టు: ఏమిచ్చాడా? ‘నీకు నామీద ప్రేమ లేదు’ అని ఆమె ఏడుస్తుంటే కారణం చెప్పకూడదు, తిరిగి చూడకూడదు. చివరికి తానూ చావబోయాడు. ఇంకెంత ఇవ్వాలి? మీకు ఎదుటివాడు ఏడిస్తేనే తృప్తిలా ఉంది.

పాతరేడియో: నా భార్య పోయి నాలుగేళ్లయింది. వచ్చినవాళ్లంతా ‘ఆవిడెక్కడికీ పోలేదు, నీతోనే ఉంది’ అంటారు. లేదండీ. ఆ ప్రేమదేవుడు కూడా వాళ్లలాగే మాట్లాడుతున్నాడు. పోయిందని ఒప్పుకునే మనిషి ఒక్కడు కావాలి నాకు. ఆ పాటలో ఓర్ఫే ఒప్పుకున్నాడు.

గోదారిగట్టు: తప్పు మాట అన్నాను, క్షమించండి. కానీ రాత్రి నాన్నగారికి ఇదే వినిపించాను. యూరిడీస్ లేచేచోట ‘ఇంకోసారి పెట్టు’ అన్నారు. ఆయనకు అది మోసమని నేను చెప్పలేను.

పాతరేడియో: చెప్పకండి. నేను మాత్రం ఆ పాట అవగానే ఆపేస్తాను.